హైస్కూల్లో చేసిన కోర్సు కాలేజీలో లెక్కకి వస్తుందా?

ఈ వారం ఎపిసోడ్ విన్నాక ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి హైస్కూల్లో సైబర్ సెక్యూరిటీ కోర్సు తీసుకుంటోంది. కాలేజీ క్రెడిట్ కూడా వస్తుందంటున్నారు. నిజంగా వస్తుందా?" ఎపిసోడ్‌లో టైం చాలక క్లుప్తంగా చెప్పాను. ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ముందు ఈ కోర్సులేంటో చూద్దాం. వీటిని కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ అంటారు, స్కూల్ వాళ్ళ నోట్లో సీటీఈ. ఆ మాట వినగానే మనలో చాలామందికి ఐటీఐ గుర్తొస్తుంది, "మన పిల్లలకెందుకులే" అనుకుని ఏపీ క్లాసుల వైపు వెళ్ళిపోతాం. వెల్డింగ్, ఆటో రిపేర్ ఇందులో ఉన్నమాట నిజమే. కానీ ప్రోగ్రామింగ్, ఇంజనీరింగ్ డిజైన్, బయోమెడికల్, నర్సింగ్ అసిస్టెంట్, అకౌంటింగ్ కూడా ఇందులోనే ఉన్నాయి. వీటికి ఫెడరల్ ప్రభుత్వం 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం నుంచీ డబ్బిస్తోంది. ఇప్పుడు నడుస్తున్నది 2018లో వచ్చిన పెర్కిన్స్ 5 చట్టం. హైస్కూల్ చదువుని కాలేజీతో కలపడం కూడా ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి.

మన దగ్గర పాలిటెక్నిక్ చేసినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, అంతే. అమెరికాలో అలా అందరికీ ఒకే ద్వారం లేదు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, చివరి మాట పిల్లలు చేరే కాలేజీది. అందుకే "క్రెడిట్ వస్తుంది" అని ఎవరన్నా నేను అడిగే మొదటి ప్రశ్న: అది ఎక్కడ రాసి ఉంటుంది?

దానికి మామూలుగా మూడు జవాబులు వస్తాయి.

మొదటిది డ్యూయల్ క్రెడిట్. కొన్ని రాష్ట్రాల్లో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. ఇందులో పిల్లలు హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో విద్యార్థిగా నమోదవుతారు. కోర్సు పూర్తికాగానే గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు మీద పడుతుంది. చేతికందిన క్రెడిట్ అంటే ఇదే.

రెండోది ఆర్టిక్యులేషన్. హైస్కూల్ కోర్సు, కాలేజీ కోర్సు ఒకటేనని రెండు సంస్థలు ముందే ఒప్పందం రాసుకుంటాయి. చాలాచోట్ల కనీసం బీ గ్రేడు రావాలి. ఇక్కడ క్రెడిట్ దానంతటది రాదు. ఆ కాలేజీలో చేరి, మనం అడిగి తీసుకోవాలి, దానికి గడువు కూడా ఉండొచ్చు. వేరే కాలేజీకి వెళ్తే ఆ ఒప్పందం వర్తించకపోవచ్చు. ఒహాయోలో మాత్రం ఈ ఒప్పందాలు రాష్ట్రమంతటికీ కలిపి రాసుకున్నారు. అర్హత ఉన్న సీటీఈ కోర్సుకి అక్కడి పబ్లిక్ కాలేజీలు క్రెడిట్ ఇచ్చి తీరాలి.

మూడోది పరీక్ష ద్వారా వచ్చేది. ఏపీ కంప్యూటర్ సైన్స్ లాంటి పరీక్షలు, కాంప్‌టియా లాంటి సర్టిఫికెట్లు ఈ కోవలోవి. ఎంత స్కోరుకి ఎంత క్రెడిట్, అసలు ఇస్తారా లేదా అన్నది ఒక్కో కాలేజీ తన పట్టికలో పెట్టుకుంటుంది.

ఇక అసలు మెలిక. ట్రాన్‌స్క్రిప్టు మీద క్రెడిట్ ఉన్నంతమాత్రాన డిగ్రీలో కలుస్తుందని కాదు. టెక్సాస్‌నే తీసుకోండి, మనవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రం. అక్కడ కమ్యూనిటీ కాలేజీ కోర్సులు రెండు రకాలు: అకడమిక్, వర్క్‌ఫోర్స్. ఇంగ్లీషు, గణితం, చరిత్ర లాంటి కోర్ కోర్సులు మొత్తం 42 క్రెడిట్లు. వీటిని రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలన్నీ ఒప్పుకోవాలి. సీటీఈలో వచ్చేవి చాలావరకు వర్క్‌ఫోర్స్ కోర్సులు. అవి కమ్యూనిటీ కాలేజీ టెక్నికల్ డిగ్రీకి చక్కగా పనికొస్తాయి, నాలుగేళ్ళ యూనివర్సిటీ ఒప్పుకుంటుందన్న హామీ మాత్రం లేదు. ఒప్పుకున్నా ఎలెక్టివ్ కింద వేసి వదిలేయొచ్చు. బ్యాచిలర్ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావాలి. పిల్లలు 15 క్రెడిట్లతో వెళ్ళినా అవి మేజర్లో, కోర్‌లో కలవకపోతే ఒక్క సెమిస్టర్ కూడా తగ్గదు.

ఖర్చు సంగతి. వాషింగ్టన్ రాష్ట్రంలో పబ్లిక్ సంస్థల ద్వారా స్కూల్లోనే చెప్పే కాలేజీ కోర్సులకి 2023 నుంచి ఫీజు లేదు. ఒహాయోలో కాలేజీ క్రెడిట్ ప్లస్ కింద పబ్లిక్ స్కూల్ పిల్లలు పబ్లిక్ కాలేజీ కోర్సు చేస్తే ట్యూషన్, పుస్తకాలు ఉచితం. టెక్సాస్‌లో ఫాస్ట్ అనే పథకం 2023లో మొదలైంది. అందులో చేరిన కాలేజీల్లో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లలకి డ్యూయల్ క్రెడిట్ ఉచితం.

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి మరో రెండు మాటలు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు చదువుకోవచ్చు, దానికి ఎఫ్-1 అక్కర్లేదు. కానీ పనిచేయడానికి అనుమతి లేదు. హెచ్-4 వర్క్ పర్మిట్ అర్హత ఉన్న భార్యకో భర్తకో ఇస్తారు గానీ పిల్లలకి ఇవ్వరు. సీటీఈలో పైస్థాయి కోర్సుల్లో జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ ఉండొచ్చు. కోర్సు ఎంచుకునే ముందే కౌన్సిలర్‌ని అడగండి, దానికి బదులు వేరే ప్రాజెక్టు చేయనిస్తారా అని. జీతం లేదంటే చాలులే అని కూడా అనుకోవద్దు, లాయర్‌ని ఒకసారి కనుక్కోండి.

రెండో మాట 21 ఏళ్ళ గడువు. 18 ఏళ్ళకి కాలేజీలో చేరిన పిల్లలకి డిగ్రీ మధ్యలోనే 21 నిండుతాయి, ఆపైన హెచ్-4 ఉండదు. గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1కి మారాల్సి రావొచ్చు. అప్పుడు ఫీజు మారుతుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కాలేజీని బట్టి ఉంటుంది. డిగ్రీలో నిజంగా కలిసే క్రెడిట్లు 30 ఉంటే దాదాపు ఒక ఏడాది తగ్గుతుంది. వీసా సమస్య దీనితో తీరదు, కానీ ఆ ఏడాది ఫీజు మిగలడం చిన్న విషయం కాదు.

గ్రేడు సంగతి కూడా మర్చిపోకండి. డ్యూయల్ క్రెడిట్‌లో సీ వస్తే అది శాశ్వతంగా కాలేజీ రికార్డులో ఉంటుంది. మెడికల్ స్కూల్ దరఖాస్తులో హైస్కూల్ రోజుల్లో చేసిన కాలేజీ కోర్సుల ట్రాన్‌స్క్రిప్టు కూడా అడుగుతారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని తొందరపెట్టి కూర్చోబెట్టే కోర్సు కాదిది.

చాలా డిస్ట్రిక్టుల్లో వచ్చే ఏడాది కోర్సుల్ని చలికాలంలోనే ఎంచుకుంటారు. కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ ప్రశ్నలు రాసుకెళ్ళండి:

ఈ క్రెడిట్ ఏ కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు మీద, ఎప్పుడు పడుతుంది? తీసుకోవడానికి మేమేమైనా ఫారం నింపాలా, గడువెంత? కాలేజీ కోర్సు నంబరేంటి, అకడమిక్కా, వర్క్‌ఫోర్సా? ఏ గ్రేడు రావాలి? ఇంటర్న్‌షిప్ తప్పనిసరా?

కోర్సు నంబరు తెలిశాక పిల్లలు వెళ్దామనుకుంటున్న యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ట్రాన్స్‌ఫర్ పట్టిక తీసి, ఆ నంబరు ఏ కోర్సుకి సమానమో చూడండి. అర్థం కాకపోతే అక్కడి అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబుని దాచుకోండి.

క్రెడిట్ ఏమీ రాకపోయినా, పిల్లకి ఆ పని మీద ఇష్టం ఉంటే కోర్సు చేయనివ్వండి. ఈ చదువు నాకు సరిపడదని పదహారేళ్ళకి, పైసా ఖర్చు లేకుండా తెలిసినా లాభమే. ఎపిసోడ్ పూర్తి పాఠం ఈ కిందే ఉంది. మీ రాష్ట్రంలో పద్ధతి ఎలా ఉందో రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.