ఏ.సి. వచ్చింది, గాలి ఏదీ?

2024 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. తరగతి గది ఏ.సి.కి నెలకు 2,000 రూపాయల వసూలేమిటని ఒక తండ్రి ప్రశ్న. ప్రయోగశాల రుసుము వంటిదే, తల్లిదండ్రులే భరించాలన్నది ధర్మాసనం సమాధానం.

సరే, ఆ రెండు వేలకు దక్కేదేమిటి? గోడకు తగిలించే ఏ.సి. లోపలి గాలినే చల్లబరచి తిప్పుతుంది. బయటి గాలిని తీసుకురాదు. ఎత్తైన కప్పు, వెంటిలేటర్లు గల పాత బడిలో దానిని బిగించాలంటే ఆ వెంటిలేటర్లనే మూయాలి. పిల్లలు విడిచిన ఊపిరినే మళ్లీ పీలుస్తారు. మా బడిలో వెంటిలేటరు తాడు లాగడం క్లాసు లీడరు హక్కు; నాకెన్నడూ దక్కలేదు!

తెరిచి ఉంచితే? 2024 నవంబరులో బయటి గాలికే జడిసి ఢిల్లీ బడులు మూశారు. కావలసింది వడగట్టిన బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాటు. దాని ఖర్చు ఫీజుల బడిలో తండ్రి ఖాతాలో పడుతుంది. ప్రభుత్వ బడిలో ఎవరి ఖాతాలో?