చేయి గీసే అక్షరం, మీట కూర్చే అక్షరం

‘స్త్రీ’ అనే అక్షరాన్ని చేత్తో రాసే వరుస వేరు, కంప్యూటరులో కొట్టే వరుస వేరు. కలం పట్టినవారు ముందుగా ‘స’ గీసి, దానికి గుడిదీర్ఘం చుట్టి ‘సీ’ చేసి, ఆ తరువాతే కింద తావత్తునూ రావత్తునూ చేరుస్తారు. మీటలు నొక్కేవారు సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం కొట్టి, గుడిదీర్ఘాన్ని అన్నిటికంటే చివర ఇస్తారు. చేయి అక్షరాన్ని కంటికి కనిపించే ఆకారంగా కడుతుంటే, కంప్యూటరు దానిని నోట పలికే ధ్వనుల వరుసగా స్వీకరిస్తుంది. చేతిరాత మేలా, కంప్యూటరు మేలా అన్న చర్చ ఎక్కువగా వేగం, జ్ఞాపకశక్తి చుట్టూ తిరుగుతుంది గాని, తెలుగు వంటి లిపికి అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది.

ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణం 1991లో వెలువడినప్పుడు తెలుగుకు దక్కినవి 128 స్థానాలు. గుణింతాలూ ఒత్తులూ కలిసి ఏర్పడే వేలాది రూపాలకు అవి చాలవు కనుక, మూలాక్షరాలకూ గుణింతపు గుర్తులకూ పొల్లుకూ మాత్రమే సంఖ్యలిచ్చి, వాటిని అతికి చూపే పనిని ఫాంటుకు అప్పగించారు. ఈ అతుకు ఎక్కడ వద్దో కూడా రాసేవారే చెప్పాలి: ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో టకారపు పొల్లు తరువాత వెడల్పు లేని, కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి పెట్టకపోతే ఫకారం కింద టావత్తుతో పాటు వావత్తు కూడా వచ్చి చేరుతుంది. 2018 ఫిబ్రవరిలో ఇదే గుర్తు ‘జ్ఞా’ మధ్యలో ఇమిడిన ఒక కూర్పు ఐఫోన్లలోని యాప్‌లను కుప్పకూల్చగా, ఆపిల్ సంస్థ సాఫ్ట్‌వేరును సవరించవలసి వచ్చింది. కాగితం మీద ఎంత వికారంగా రాసినా కాగితం మొరాయించదు.

అక్షరాలు నేర్చుకునే వయసులో చేయి చేసే మేలుకు ఆధారాలు గట్టివి. 2012లో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లల చేత కొన్ని అక్షరాలను చేత్తో రాయించి, కొన్నిటిని దిద్దించి, కొన్నిటిని టైపు చేయించి, తరువాత వాటిని చూపుతూ మెదడును స్కాన్ చేసినప్పుడు, చదువుకు తోడ్పడే భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే స్పష్టంగా స్పందించాయి. రాసిన ప్రతిసారీ అక్షరం కాస్త వంకరగా, కాస్త వేరుగా రావడం వల్లనే దాని సారమైన రూపం పట్టుబడుతుందని వారి ఊహ. ఆ పరిశోధన రోమన్ అక్షరాల మీద జరిగినదే అయినా, ‘ద’కు కింద గీత చేరితే ‘ధ’, నడుమ చుక్క కూడా చేరితే ‘థ’ అయ్యే తెలుగులో ఆ ఊహకు మరింత బలముంది.

పెద్దల విషయంలో మాత్రం తీర్పు అంత సులువు కాదు. లాప్‌టాప్‌లో నోట్సు తీసుకునే విద్యార్థులు విన్నది విన్నట్టే దించుకుంటారనీ, అందువల్ల భావానికి సంబంధించిన ప్రశ్నల్లో వెనుకబడతారనీ మ్యూలర్, ఓపెన్‌హైమర్ 2014లో ప్రకటించారు. 2021లో ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు మాటకు మాట దించుకోవడం నిజమేనని తేలింది గాని, మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కలం నుంచి కీబోర్డుకు మారడం కంటే పెద్ద మార్పు మరొకటుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులిపిలో పొందే పద్ధతిలో, ‘న’కూ ‘ణ’కూ ఉన్న భేదం చిన్న ఎన్‌కూ పెద్ద ఎన్‌కూ ఉన్న భేదంగా మారుతుంది, ఫోను సూచించే మాటల వరుసలోంచి ఒకదానిని ఏరుకునేటప్పుడు ఆ పాటి శ్రద్ధ కూడా అక్కరలేదు. అక్కడ రాసేవారు వర్ణక్రమాన్ని గుర్తుపడుతున్నారు తప్ప గుర్తుచేసుకోవడం లేదు. అయినా, దిద్దుబాటు విషయంలో కంప్యూటరు చేసిన ఉపకారం కాదనలేనిదే. పేరాను కొట్టివేతలు లేకుండా పైకీ కిందికీ జరపగల సౌకర్యాన్ని ఏ రచయితా వదులుకోడు.

నార్వేలో 36 మంది విద్యార్థులతో జరిగి 2024లో వెలువడిన పరిశోధనలో, చేత్తో రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య అనుసంధానం విస్తృతంగా కనిపించింది. అయితే ఆ రాత కాగితం మీద కాక డిజిటల్ కలంతో తెర మీద సాగింది, టైపింగేమో ఒక్క వేలితో జరిగింది. కాబట్టి అక్కడ పోటీ కాగితానికీ యంత్రానికీ కాదు, గీతకూ నొక్కుకూ. అటువంటి కలంతోనే తెర మీద ‘స్త్రీ’ రాస్తే, ఆ గీతలను అక్షరాలుగా గుర్తించే యంత్రం, చేయి ముందుగా చుట్టిన గుడిదీర్ఘాన్ని తీసి, ఒత్తులన్నిటి తరువాత చివరి స్థానంలో భద్రపరుస్తుంది.