కౌమారమున కలత – ఎదుగుదలయా, వ్యాధియా?

14 ఏండ్ల కుమారుడు గది తలుపు మూసికొనును. తల్లి పిలిచినను పలుకడు. నిన్నటివఱకు నాయనమ్మ చెంత ముచ్చటలాడిన బాలిక నేడు తెలుగున అడిగినదానికి తమిళమున ముక్తసరిగా బదులిచ్చును. "మా బిడ్డ ఇట్లు మారినదేమి?" అని తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. ఈ ప్రశ్నను మేము తేలికగా తలంపము. అట్లని ప్రతి కలతయు వ్యాధియే యని భయపెట్టము.

కౌమారమున దేహముతోబాటు మెదడును మారుచుండును. ఆవేశమును రేకెత్తించు భాగములు ముందుగా చుఱుకుదనము పొందును. మంచిచెడ్డలు యోచించి నిగ్రహించు భాగము సుమారు 25 ఏండ్ల ప్రాయమువఱకు పక్వమగుచునే యుండును. రాత్రి నిద్ర వచ్చు వేళయు సహజముగా ఆలస్యమగును. కావున అప్పుడప్పుడు ఎదురుమాట, ఏకాంతముపై ఇష్టము, స్నేహితులపై మక్కువ, ఉదయమున బద్ధకము ఎదుగుదల లక్షణములే. ఇంట నొక భాష, వీథిలో మఱియొక భాష వినుచు పెరుగు మన బిడ్డలు తోటివారి పలుకునకు మొగ్గుటయు రోగము కాదు.

మఱి ఎప్పుడు జాగ్రత్తపడవలెను? ఒక్క చేష్టను గాక, మొత్తము మార్పును పరిశీలింపవలెను. మొదటిది, ఎంతకాలము? దిగులుగాని చిరాకుగాని, దేనియందును ఆసక్తి లేకుండుటగాని రెండు వారములు దాటి నిలిచినదా? రెండవది, ఎన్నిచోట్ల? ఇంటనే కాక బడిలోను, స్నేహితులయొద్దను అట్లే యున్నదా? మూడవది, ఎంత నష్టము? నిద్ర, ఆహారము, చదువు, ఆట కుంటువడినవా? పరీక్ష తప్పి దిగులుపడియు, క్రికెట్టునకు పిలువగానే లేచిపోవు బాలుడు వేఱు. ప్రాణప్రదమైన ఆటనే మానివేసి, బడికి పోనని నెలనుండి మూలకూర్చున్న బాలుడు వేఱు. అల్లరి చేయక, మంచి మార్కులు తెచ్చుకొను బిడ్డయందును దిగులు దాగియుండవచ్చును.

కొన్ని గుర్తులు కనబడినచో దినములు లెక్కింపరాదు: చావును గూర్చిన మాటలు, తన్ను తాను గాయపఱచుకొనుట, ఇతరులకు వినబడని మాటలు తనకు వినబడుచున్నవనుట, తిండి మానివేయుట. "చనిపోవలెనని అనిపించుచున్నదా?" అని మెల్లగా అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, లోని బరువు చెప్పుకొనుటకు దారి ఏర్పడును. అట్టి బిడ్డను ఒంటరిగా విడువక, మందులు, పురుగుమందులు అందనిచోట నుంచి, ఆ దినమే వైద్యునికి చూపవలెను. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగునను మాటలాడవచ్చును.

మన సమాజము చిన్నది. నలుగురేమనుకొందురో యను జంకు పెద్దది. జ్వరమునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడని మనము మనోవ్యథకు మాత్రము సిగ్గుపడనేల? బిడ్డ నోరు విప్పిన నాడు మధ్యలో మందలింపక, భాషను దిద్దక, తెలుగుననైనను తమిళముననైనను తుదివఱకు వినుడు. తక్కిన సాయమంతయు ఆ వినుటతోడనే మొదలగును.