తెరమీది కత్తులు, కారెంపూడి కొణతములు

ఇప్పుడు టెలివిజనులయందును, చేతి ఫోనులయందును వచ్చు ధారావాహికలలో నొక తెగ కలదు. ఒక చిన్న పట్టణము, దానిని గుప్పిట నుంచుకొన్న యొక కుటుంబము, ఎదురు నిలిచిన మరికొందరు, నడుమ హత్యలు. 2018లో వెలువడిన 'మీర్జాపూర్' అను హిందీ కథ యిట్టిదే. పైకి తివాచీల వర్తకము, లోపల నాటు తుపాకులు, నల్లమందు. మొదటి భాగమున తొమ్మిది అంకములు.

ఇట్టి కథలకు చిన్న పట్టణమే యేల? మహానగరమున చంపువానికిని చచ్చువానికిని ముఖపరిచయ ముండనక్కర లేదు. చిన్న యూరిలో నిరువురు నొకే బజారున నడతురు, ఒకే పెండ్లిలో భుజింతురు. భయ మక్కడనే పుట్టును.

పల్నాటివారి కిది క్రొత్త గాదు. పండ్రెండవ శతాబ్దిలో గురజాల, మాచర్లల దాయాదుల పోరు కోడిపందెముతో ముదిరినదని కథ చెప్పును. ఓడినవా రేడేండ్లు వలస పోయిరి. గడువు తీరినపిదప రాయబారమునకు వచ్చిన అలరాజును చర్లగుడిపాటిలో విషము పెట్టి చంపిరి. దీనిని వీరగాథగాయకులు రాత్రులకు రాత్రులు పాడిరి. ముడి వేసి మరునాటి కాపుటయు వారు లేకయే యెరుగుదురా!

భేద మొక్కటి. తెరమీద చచ్చినవాడు తరువాతి యంకమునకు మరుపున బడును. పాటకు డట్లు సాగిపోడు. అలరాజు భార్య పేరిందేవి పగవారి పక్షమున నున్న నలగామరాజు కూతురే. ఆమె శోకమును విన్నగాని కథ ముందునకు నడువదు.

2024 మే 13 పోలింగు పిదప మాచర్ల, నరసరావుపేట ప్రాంతముల కొట్లాటలు చెలరేగగా పల్నాడు జిల్లాలో 144వ సెక్షను విధించిరి. దానికి టెలివిజను కారణమని నే ననను. టెలివిజను లేనినాడే నాగులేటి యొడ్డు నెత్తురు చూచినది. కాని పిల్లలు చూచు కథలో చావునకు వెల లేకున్న నది మన మాలోచింపవలసిన మాట. పెద్దల కథలకు 'ఎ' యను గుర్తు వేయవలెనని 2021 నియమములు చెప్పుచున్నవి. అర్ధరాత్రి ఫోను పట్టిన కుర్రవాని నా గుర్తు ఆపునా? ప్రక్కన కూర్చుండి, "చచ్చినవాని యింటివారేమైరి?" అని యడుగు పెద్దవాడు కావలెను.

కారెంపూడిలో ఆ ప్రశ్న ఏటేట అడుగుదురు. కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఆచారవంతులు తమతమ యూళ్ళనుండి వీరుల కొణతములను మోసికొని వత్తురు. కడపటినాడు వీరులు నేల కొరుగుదురు. అప్పు డచట పడినవారికే పూజ.