చక్రం పెరిగితే చోటెక్కడ?

కర్నూలు, కడప పల్లెల్లో ఎద్దులబండికి కొత్త చక్రాలు కట్టించాలంటే వడ్రంగీ కమ్మరీ ఇద్దరూ కావాలి. చక్రం నడిమి కుంభం, దానికి దిగ్గొట్టే ఆకులు, చుట్టూ వచ్చే వంపు చెక్కలైన పూటీలు వడ్రంగి పని. వాటి మీదికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి దించి, నీళ్లు కుమ్మరించి బిగించడం కమ్మరి పని. వేడికి సాగిన పట్టా చల్లారుతూ కుంచించుకుపోయి, చెక్క ముక్కలన్నిటినీ ఒకటిగా పట్టేస్తుంది. పట్టా చుట్టుకొలత కాస్త పెరిగితే వదులవుతుంది, కాస్త తగ్గితే ఎక్కనే ఎక్కదు. చక్రం విషయంలో కొలత తప్పితే క్షమించేవాడు లేడని ఆ ఇద్దరికీ బాగా తెలుసు.

ఇనుప పట్టా స్థానంలోకి రావడానికి గాలి టైరు రెండుసార్లు పుట్టాల్సి వచ్చింది. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. గుర్రపుబగ్గీల కాలంలో దాని అవసరం ఎవరికీ పెద్దగా కనిపించలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చూశాడు. సైకిళ్ల మోజు ఊపందుకున్న రోజులవి, ఈసారి సరుకు నిలబడింది. థామ్సన్ పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయినా, పేరు మాత్రం డన్‌లప్‌కే దక్కింది. 1895లో మిషెలిన్ సోదరులు గాలి టైర్లు తొడిగిన కారుతో పారిస్–బోర్డో పందెంలో దిగారు.

డన్‌లప్ సంస్థ 1936లో బెంగాల్‌లోని సహాగంజ్‌లో టైర్ల కర్మాగారం పెట్టింది. ఎద్దులబండ్లకు కూడా 8.00-19 వంటి ప్రత్యేక సైజుల్లో టైర్లు వచ్చాయి. టైరు బండిని ఇప్పటికీ డన్‌లప్ బండి అనేవాళ్లున్నారు. సన్నని ఇనుప పట్టా తడి నల్లరేగడిని కోసుకుంటూ దిగబడేది. వెడల్పాటి టైరు అదే బరువును ఎక్కువ నేల మీద పరిచింది. పెద్ద చెక్క చక్రం పోయి చిన్న చక్రం రావడంతో బండి తొట్టి ఎత్తు కూడా తగ్గింది. చక్రం మారినప్పుడు బండి మొత్తాన్నీ దానికి తగ్గట్టు మార్చుకునే వీలు అక్కడుంది. పైగా ఎద్దులబండికి మడ్‌గార్డు లేదు, పక్కకు తిరిగే ముందు చక్రాలు లేవు, కిందికీ పైకీ ఊగే స్ప్రింగులు లేవు. టైరు దేనికీ రాసుకోదు.

కారుకు ఆ మూడూ ఉన్నాయి. అందుకే టైరు మీది అంకెలు చదవడం రావాలి.

పాత మహీంద్రా జీపు టైరు మీద 6.00-16 అనీ, అంబాసిడర్ మీద 5.90-15 అనీ ఉండేది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. మిషెలిన్ 1946లో పేటెంటు తీసుకున్న రేడియల్ టైరు వాడుకలోకి వచ్చాక, పక్కగోడలు పొట్టిగా ఉండే టైర్లూ పెరిగాయి. గోడ ఎత్తు కూడా టైరు మీద రాయాల్సి వచ్చింది. రాయలసీమ రోడ్ల మీద తరచూ కనిపించే బొలెరోనే తీసుకుందాం. దాని టైరు మీద 215/75 ఆర్15 అని ఉంటుంది. 215 వెడల్పు మిల్లీమీటర్లలో. అందులో 75 శాతం, అంటే దాదాపు 161 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 15 అంగుళాల రిమ్ము 381 మిల్లీమీటర్లు. దానికి పైనా కిందా గోడలు కలిపితే టైరు మొత్తం వ్యాసం 703.5 మిల్లీమీటర్లు.

బండి కాస్త ఎత్తుగా, బలిష్ఠంగా కనిపించాలని చాలామంది 235/75 ఆర్15 వేయిస్తారు. దాని వ్యాసం 733.5. పెరిగిన 30 మిల్లీమీటర్లలో సగం ఇరుసుకు కింద చేరి బండిని 15 మిల్లీమీటర్లు లేపుతుంది. మిగతా సగం ఇరుసుకు పైన మడ్‌గార్డు వైపు జరుగుతుంది. వెడల్పు అటూ ఇటూ పదేసి మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి 104 వేగంతో పోతుంటుంది. ఇంకా ముందుకెళ్లి 31 అంగుళాల వ్యాసం, పదిన్నర అంగుళాల వెడల్పు ఉన్న టైరు అడిగితే ఇరుసుకు పైన 42, వెడల్పులో ఒక్కో వైపు 26 మిల్లీమీటర్లు అదనంగా చోటు కావాలి. అది బండి బాడీనీ స్ప్రింగులనూ మార్చకుండా అయ్యే పని కాదు.

దుకాణం ముందు చదునైన నేల మీద నిలిపి చూస్తే ఏ టైరైనా సరిపోయినట్టే ఉంటుంది. అసలు పరీక్ష కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు కనుమ లాంటి చోట. నిండా మనుషులు, వెనక సామాను, మలుపులో పూర్తిగా తిప్పిన స్టీరింగు, మధ్యలో ఒక గుంత. బరువుకు బండి కిందికి దిగుతుంది, తిరిగిన టైరు పక్క అంచు ముందు బంపరుకో లోపలి ప్లాస్టిక్ తొడుగుకో తగులుతుంది. వెనక చక్రాలు పక్కకు తిరగవు కాబట్టి అక్కడ ముప్పు పైనుంచీ, మడ్‌గార్డు అంచు నుంచీ వస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పొలం దారుల్లో వానాకాలం మరో చిక్కు. జిగురు నల్లరేగడి మడ్‌గార్డు లోపల పేరుకుని, లెక్కలో మిగిలిన ఖాళీని కూడా పూడ్చేస్తుంది.

టైరు సరైనదైనా రిమ్ము తప్పు కావచ్చు. 1924లో బుగాటీ టైప్ 35 పందెపు కారు పోత అల్యూమినియం చక్రాలతో వచ్చింది. ఇవాళ అలాంటి అల్లాయ్ వీల్ మామూలు కార్లకూ చేరింది. రిమ్ము లోపల 6జె ఈటీ45 వంటి అంకెలుంటాయి. 6 రిమ్ము వెడల్పు అంగుళాల్లో. ఈటీ అంటే ఆఫ్‌సెట్: రిమ్ము నడిమధ్య గీతకూ, అది హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం మిల్లీమీటర్లలో. ఈ అంకె తగ్గినకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. 6జె ఈటీ45 తీసి 7జె ఈటీ35 బిగిస్తే రిమ్ము బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికీ, లోపలి అంచు 2.7 మిల్లీమీటర్లు లోపలికీ వస్తాయి. టైరు మారకపోయినా మడ్‌గార్డుకు తగలడానికి అది చాలు. వీటికి తోడు నట్ల సంఖ్య, అవి ఉన్న వలయం వ్యాసం, హబ్బు కూర్చునే నడిమి రంధ్రం కూడా కలవాలి. నడిమి రంధ్రం పెద్దదైతే సరైన రింగు వేయాలి, లేకపోతే వేగం పెరిగేసరికి స్టీరింగు వణుకుతుంది.

రిమ్ము పెంచినా చక్రం పెరగకుండా చూసుకోవడం కంపెనీలే చూపిన దారి. స్విఫ్ట్‌లో చవక రకానికి 165/80 ఆర్14, ఖరీదైన దానికి 185/65 ఆర్15 ఇచ్చారు. రిమ్ము అంగుళం పెరిగినా మొత్తం వ్యాసాల తేడా రెండు మిల్లీమీటర్లే. ఇన్నోవా క్రిస్టాలో 205/65 ఆర్16, 215/55 ఆర్17ల మధ్య తేడా ఐదు మిల్లీమీటర్ల లోపు. అయితే దీనికీ ఖరీదుంది. 15 అంగుళాల స్విఫ్ట్ టైరు గోడ 120 మిల్లీమీటర్లు. అదే వ్యాసం దగ్గరగా ఉంచి 205/45 ఆర్17 వేస్తే గోడ 92కు పడిపోతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను ఓర్చుకునే మెత్తదనం తగ్గి, రిమ్ము వంగుతుంది, గోడ ఉబ్బుతుంది. మే నెల ఎండకు కాగిన రోడ్డు మీద గాలి తక్కువైన టైరు మరింత వంగుతూ మరింత వేడెక్కుతుంది. గాలి కొలత తెల్లవారుజామున, బండి కదలకముందే చూడాలి.

ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నుంచి బండలు మోసే లారీలది ఇంకో రకం రాపిడి. వెనక జంట టైర్ల మధ్య నిర్ణీతమైన ఖాళీ ఉండాలి. వెడల్పు టైర్లు వేసినా, గాలి తగ్గినా, బరువుకు ఉబ్బిన గోడలు ఒకదాన్నొకటి తాకి కాగుతాయి. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినదైతే ఎత్తైన దాని మీదే ఎక్కువ బరువు పడుతుంది.

టైరు మీది చివరి అంకెలనూ వదలకూడదు. 95 అంటే ఆ ఒక్క టైరు 690 కిలోలు మోస్తుంది, 91 అంటే 615 కిలోలు. పక్కన హెచ్ ఉంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. బండితో వచ్చిన దానికంటే ఈ రెండూ తగ్గకూడదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే అది రోడ్డుకు పనికిరాదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది.

మన రోడ్లకూ మన ఎండకూ కంపెనీ ఇచ్చిన సైజే మేలు. దాన్ని ఒక మెట్టు దాటాలనిపిస్తే మొత్తం వ్యాసంలో తేడా రెండు మూడు శాతం మించనివ్వకండి. బిగించాక బండి నిండా మనుషుల్ని ఎక్కించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, స్పీడు బ్రేకరు మీద నెమ్మదిగా దాటించి చూడండి. ఆ తర్వాత లోపలి తొడుగు మీద కొత్త గీత కనబడితే ఆ టైరు మీ బండిది కాదు. సరైన సైజూ గాలి కొలతా డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటాయి. దుకాణానికి బయల్దేరే ముందు దాన్ని ఫొటో తీసుకుని వెళ్లండి.