మొక్కను కోయకుండా ఆకు కొలత

పత్ర వైశాల్యాన్ని కొలవడానికి పరిశోధకులు చాలాకాలంగా ఆకులను కోసి యంత్రంలో పెడుతున్నారు. కొలత కచ్చితమే, కానీ కోసిన మొక్క మరుసటి వారానికి మిగలదు. బెట్టను తట్టుకొనే రకాలను ఎంపిక చేసేవారికి ఇది పెద్ద అడ్డంకి. ఎండ మధ్యాహ్నం నీటిని పొదుపు చేసిన మొక్కకే గింజ పాలుపోసుకొనే దశలో తేమ మిగులుతుంది. ఆ గుణం తెలియాలంటే ఒకే మొక్క ఆకునూ, అది వదిలిన నీటినీ పదేపదే కొలవాలి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నెలకొల్పిన లీజీస్కాన్ వేదిక ఇందుకు ఉద్దేశించినదే. పైన కదిలే స్కానర్ మొక్కలపై లేజర్ గీతను ప్రసరింపజేస్తుంది. గీత ఎక్కడ వంగిందో కెమెరా గ్రహిస్తుంది. దానినిబట్టి ప్రతి బిందువు ఎత్తును లెక్కిస్తారు. నీటి నష్టాన్ని కుండీల కింది తూనికలు నమోదు చేస్తాయి.

ఇలా లభించేది బిందువుల సమూహం. పక్కపక్క బిందువులను త్రిభుజాలుగా కలిపి, వాటి వైశాల్యాలను కూడుతారు. అయితే ఏది ఆకు, ఏది కాండం అన్నది గుర్తించడం కష్టం. బిందువులకు వరుస లేదు. ఏ క్రమంలో చదివినా కంప్యూటరు ఒకే సమాధానం చెప్పాలి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిన పాయింట్‌నెట్ పద్ధతి ప్రతి బిందువుకూ ఒకే గణనను వర్తింపజేసి, వచ్చిన విలువల్లో గరిష్ఠమైనవాటిని తీసుకొంటుంది. క్రమం మారినా గరిష్ఠ విలువ మారదు. ఉపాయం సులువైనదే, ప్రయోజనం గొప్పది.

పైనుంచి చూసే స్కానర్‌కు కింది ఆకులు కనబడవు. పైరు గుబురెక్కేకొద్దీ వైశాల్యం తక్కువగా నమోదవుతుంది. అందువల్ల పంటవారీగా కొన్ని మొక్కలను కోసి సరిచూడక తప్పదు. వేరుశనగ ఆకులైతే రాత్రివేళ ముడుచుకొంటాయి. ఆ పంటలో కొలత పక్కన వేళను కూడా నమోదు చేయాలి.