పిల్లల్లో ఓసీడీ: మందు మొదలుపెట్టే తల్లిదండ్రులకు

పిల్లల ఓ.పి.లో డాక్టరుగారు చీటీ రాసి ఇచ్చాక తల్లిదండ్రులు నేరుగా ఫార్మసీకి వెళ్ళరు. ముందు నర్సుల బల్ల దగ్గరకు వస్తారు. చీటీ చూపించి, గొంతు తగ్గించి అడుగుతారు. "సిస్టరుగారూ, ఇవి పిచ్చి మందులా? ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలా? రేపు పిల్లకు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే ఎలాగ?" ఈ ప్రశ్నలు డాక్టరుగారి గదిలో అడగరు. అక్కడ అన్నిటికీ తల ఊపుతారు. కాబట్టి ఆ బల్ల దగ్గర మేము చెప్పే సంగతులనే ఈసారి పత్రికలో వివరంగా రాస్తున్నాను.

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. వద్దనుకున్నా ఒక ఆలోచన మనసులో దూరి, పొమ్మన్నా పోదు. ఆ ఆలోచన తెచ్చే భయం తగ్గడానికి బిడ్డ ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేస్తుంది. చేతులు కడుక్కోవడం అందరికీ తెలిసిన రూపం. తెలియని రూపాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఒక అక్షరం వంకరగా వచ్చిందని హోంవర్కు పేజీ చించి తిరిగి రాయడం, గ్యాసు కట్టేశామా లేదా అని పదిసార్లు వంటింట్లోకి వెళ్ళి చూడడం, గడప దాటిన తీరు సరిగ్గా లేదని వెనక్కి వచ్చి మళ్ళీ దాటడం, "అమ్మా, నీకేం కాదు కదా?" అని గంటకు ఇరవైసార్లు అడగడం కూడా ఇదే జబ్బు. వందమంది పిల్లల్లో ఒకరికో ఇద్దరికో ఇది ఉంటుంది. అంటే అయిదు వందలమంది చదివే బడిలో అయిదుగురైనా ఉండవచ్చు. వారిలో ఎక్కువమంది సంగతి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు, ఎందుకంటే పిల్లలు సిగ్గుతో దాచుకుంటారు.

మన ఇళ్ళలో దీనికి పెట్టే పేరు చాదస్తం. "వాళ్ళ నాయనమ్మ పోలిక, ఆమెకూ ఇంతే మడి" అంటారు. మడి కట్టుకున్న నాయనమ్మ పని ముగించుకొని తృప్తిగా లేస్తుంది. ఈ బిడ్డకు పని ముగిసిందన్న భావనే రాదు. తోళ్ళు ఊడి నెత్తురు చిమ్ముతున్నా ఇంకా శుభ్రం కాలేదనే అనిపిస్తుంది. అది అనవసరమని బిడ్డకు కూడా చాలాసార్లు తెలుసు. తెలిసీ ఆపుకోలేదు. అందువల్ల తిట్టడం, కొట్టడం, కుళాయి కట్టేయడం వల్ల ప్రయోజనం లేదు.

సంఘ కుటుంబాల్లో ఇంకొక రూపం చూస్తుంటాము. ప్రార్థనలో ఒక మాట తప్పిందని మొదటినుంచి మొదలుపెట్టడం, దేవుణ్ణి దూషించే మాట మనసులోకి వచ్చిందని రాత్రిళ్ళు ఏడవడం. హిందువుల పిల్లల్లో పూజ దగ్గర, ముస్లిముల పిల్లల్లో వజూ దగ్గర ఇదే జబ్బు ఇలాగే కనిపిస్తుంది. 'యాత్రికుని ప్రయాణము' రాసిన జాన్ బన్యన్ పేరు మనలో చాలామందికి తెలుసు. క్రీస్తును అమ్మివేయమనే ఆలోచన తనను రాత్రింబవళ్ళు వేధించిందని ఆయన 1666లో అచ్చయిన తన జీవిత వృత్తాంతంలో రాసుకున్నాడు. చదివిన మానసిక వైద్యులు కొందరు అందులో ఓసీడీ పోలికలు చూశారు. కాబట్టి బిడ్డను పాస్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి, తప్పులేదు. కాని అలాంటి ఆలోచన పాపమని, పశ్చాత్తాపపడమని బిడ్డకు చెప్పకండి. చెబితే ఆ పశ్చాత్తాపం కూడా రోజుకు వందసార్లు చేయవలసిన పని అయిపోతుంది.

మందు అందరికీ అవసరమా?

అవసరం లేదు. జబ్బు తేలికగా ఉంటే ముందు మాటలతో, అభ్యాసంతో చేసే చికిత్స ఇస్తారు. దానిలో బిడ్డ తనకు భయం పుట్టించేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటుంది. ఉదాహరణకు తలుపు పిడి ముట్టుకొని పది నిమిషాలు చేతులు కడగకుండా కూర్చుంటుంది. భయం పెరిగి, పెరిగి, తనంతట తానే దిగుతుంది. ఈ సంగతి బిడ్డ తన అనుభవంతో నేర్చుకోవాలి, మనం చెబితే నమ్మదు.

జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే దీనికి మందు తోడు చేస్తారు. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 112 మందితో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. 12 వారాలు గడిచాక లక్షణాలు దాదాపు పోయినవారు, మందు, అభ్యాస చికిత్స రెండూ తీసుకున్న పిల్లల్లో నూటికి 54 మంది. అభ్యాసం ఒక్కటే చేసినవారిలో 39 మంది, సెర్ట్రలిన్ మాత్ర ఒక్కటే వాడినవారిలో 21 మంది, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 4గురు. ఈ లెక్క గుర్తుంచుకోండి. మాత్ర ఇచ్చాం కదా, ఇక బిడ్డ దానంతట అదే బాగవుతుందని కూర్చోవడానికి లేదు. అలాగని మాత్రను పక్కన పెట్టడానికీ లేదు. రోజుకు నాలుగు గంటలు స్నానాలగదిలో గడిపే బిడ్డ ఏ అభ్యాసానికి కూర్చోగలదు? మందు ఆ భయాన్ని కాస్త దించితే అభ్యాసం పట్టుబడుతుంది. పైగా అభ్యాసం నేర్పే నిపుణులు మన జిల్లాల్లో తక్కువ. వారి కోసం ఎదురుచూస్తూ బిడ్డ చదువు ఒక సంవత్సరం పోగొట్టుకోవడం న్యాయం కాదు.

సాధారణంగా రాసేవి సెర్ట్రలిన్, ఫ్లుఒక్సెటిన్, ఫ్లువోక్సమిన్. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఒక నరకణం నుంచి ఇంకొకదానికి కబురు చేరవేస్తుంది. ఈ మందులు దాన్ని ఆ సందులో ఎక్కువసేపు నిలుపుతాయి. పిల్లల ఓసీడీకి సెర్ట్రలిన్‌ను 6 ఏళ్ళు, ఫ్లుఒక్సెటిన్‌ను 7 ఏళ్ళు, ఫ్లువోక్సమిన్‌ను 8 ఏళ్ళు నిండినవారికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. క్లోమిప్రమిన్ వీటికంటే పాతది, 10 ఏళ్ళు దాటినవారికి. అది గుండె లయను మార్చే అవకాశం ఉన్నందున ముందు ఇ.సి.జి. తీస్తారు, మిగతా మందులు పనిచేయనప్పుడే దాని వైపు వెళ్తారు. ఇవి డిప్రెషన్‌కు కూడా వాడే మందులే. ఫోనులో పేరు కొట్టి చూసి "మా వాడికి డిప్రెషన్ అని మాకెందుకు చెప్పలేదు?" అని గొడవపడ్డవారు ఉన్నారు. ఒకే మందు రెండు జబ్బులకు పనిచేయడం కొత్త సంగతి కాదు. ఇవి నిద్రమాత్రలు కావు, సారా, గుట్కా లాగా అలవాటుపడి ఇంకా ఇంకా కావాలనిపించేవీ కావు.

మొదలుపెట్టే ముందు డాక్టరుగారికి కొన్ని సంగతులు మీరే చెప్పాలి, వారు అడిగేదాకా ఆగవద్దు. ఇంట్లో ఎవరికైనా మితిమీరిన హుషారుతో నిద్ర లేకుండా రోజుల తరబడి తిరిగే జబ్బు, అంటే బైపోలార్, ఉందా? బిడ్డకు మూర్ఛ వచ్చిందా? ఆటల్లో స్పృహ తప్పి పడిపోయిందా? కళ్ళు ఆర్పడం, భుజం ఎగరేయడం వంటివి ఉన్నాయా? ఆయుర్వేదమైనా, నాటు మందైనా ఇంకేమి వాడుతున్నారు? మేనమామ సంగతి అత్తవారి ముందు చెప్పడానికి కోడలు జంకుతుంది. అలాంటప్పుడు మా సిస్టరుకు విడిగా చెప్పండి, డాక్టరుగారికి చేరవేస్తాము.

మొదటి వారాలు

ఇక్కడే ఎక్కువమంది మందు మానేస్తారు. దుష్ఫలితాలు మొదటి వారంలోనే వస్తాయి, మేలు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలకు గాని తలెత్తదు. మందు పనిచేసిందో లేదో తేల్చాలంటే సరైన మోతాదులో 8 నుంచి 12 వారాలు వాడాలి. మూడో వారంలో "కడుపులో వికారం తప్ప ఏమీ లేదు, డబ్బులు దండగ" అని ఆపేసిన ఇల్లు సరిగ్గా చెప్పుకోదగ్గ దారి సగంలో ఆగిపోయినట్టు.

మోతాదు చిన్నగా మొదలవుతుంది. 12 ఏళ్ళలోపు పిల్లలకు సెర్ట్రలిన్ తరచుగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం కంటే తక్కువ ఎడం లేకుండా పెంచుతారు. డిప్రెషన్‌కంటే ఓసీడీకి ఎక్కువ మోతాదు కావలసి రావచ్చు. కాబట్టి చీటీలో అంకె పెరిగితే జబ్బు ముదిరిందని గాబరాపడకండి.

వికారం, పలుచని విరేచనాలు, తలనొప్పి, ఆకలి తగ్గడం చాలావరకు ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. అన్నం తిన్నాక మాత్ర ఇస్తే వికారం తగ్గుతుంది. నిద్ర పట్టకపోతే మాత్రను పొద్దుటికి మార్చమని, మత్తుగా ఉంటే రాత్రికి మార్చమని అడగవచ్చు. చిన్న పిల్లల్లో ముఖ్యంగా ఇంకొకటి చూడాలి. ఒక చోట కూర్చోలేకపోవడం, ఊరకే చిరాకు, ఎదురుతిరగడం, అతిగా వాగడం. దీన్ని అల్లరి అనుకొని నాలుగు తగిలించేవారున్నారు. ఇది మందువల్ల కావచ్చు, మోతాదు తగ్గిస్తే సాధారణంగా పోతుంది. వెంటనే ఫోను చేయండి. రెండు మూడు గంటలే నిద్రపోయి అలుపు లేకుండా, గొప్పలు పోతూ ఉంటే ఆ రోజే తీసుకురండి.

మందు పెట్టెలోని కాగితంలో ఆత్మహత్య అన్న మాట కనిపిస్తుంది. దాన్ని చూసి వణికిపోయే తండ్రులకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2004 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ హెచ్చరికను తప్పనిసరి చేసింది. 4,400 మందికి పైగా పిల్లలు పాల్గొన్న 24 పరిశోధనలను కలిపి చూస్తే, చావు గురించిన ఆలోచనలు గాని ప్రయత్నాలు గాని మందు వాడినవారిలో నూటికి నలుగురికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఇద్దరికి కనిపించాయి. ఆ పరిశోధనల్లో ఒక్క బిడ్డ కూడా చనిపోలేదు. అంటే ప్రమాదం చిన్నది, కాని ఉంది. మొదటి నెలల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ బిడ్డను ఒంటరిగా ఎక్కువసేపు వదలకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. పురుగుల మందు డబ్బా పొలం గదిలో తాళం వేసి ఉంచండి, మాత్రలు కూడా పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. అర్ధరాత్రి అయినా టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కళ్ళెదుట ఉంటే ఫోనుతో ఆగకుండా క్యాజువాలిటీకి రండి.

జ్వరం, దగ్గు వచ్చినప్పుడు మందుల షాపులో అడిగి తెచ్చే అలవాటు మనకు ఉంది. ఈ మందు వాడుతున్నంతకాలం అది కుదరదు. డెక్స్ట్రోమెథోర్ఫాన్ ఉన్న దగ్గు సిరప్పులు, నొప్పులకు ఇచ్చే ట్రమడాల్ వీటితో కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, తీవ్ర జ్వరం రావచ్చు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్‌లతో నెత్తురు కారే స్వభావం పెరుగుతుంది, జ్వరానికి పారాసిటమాల్ మేలు. ఆయాసానికి వాడే డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది. ఫ్లువోక్సమిన్ వాడే బిడ్డ ఒంట్లో అది పేరుకుపోతుంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్ళినా ఓసీడీ మాత్ర అట్ట చేతిలో పట్టుకు వెళ్ళండి.

మాత్రను పెరుగన్నంలో కలిపి తెలియకుండా పెట్టకండి. శుభ్రం గురించి భయపడే బిడ్డకు అన్నంలో ఏదో కలిపారని తెలిసిన రోజున అన్నం కూడా మానేస్తుంది. "నీ మనసులో అలారం ఊరికే మోగుతోంది, ఈ మాత్ర దాని గొంతు తగ్గిస్తుంది" అని చెప్పండి, అర్థమవుతుంది. ఒక పూట మరచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి. మరునాడు గుర్తొస్తే రెండు కలిపి ఇవ్వవద్దు.

ఇంట్లోవాళ్ళ వంతు కూడా ఉంది. బిడ్డ ఏడుస్తుందని అమ్మ బకెట్లు నింపి ఇస్తుంది, తాతయ్య తలుపు గడియ తానే పదిసార్లు చూసి "వేశానమ్మా" అంటాడు. ప్రేమతోనే చేస్తారు, కాని జబ్బు దాని మీదే బలుస్తుంది. ఒక్కసారిగా మానేసినా బిడ్డ తట్టుకోలేదు. ఇరవైసార్లు చెప్పే జవాబును ఈ వారం పదిహేనుకు, వచ్చే వారం పదికి తగ్గించండి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, ముఖ్యంగా సెలవులకు వచ్చే అమ్మమ్మకు ముందే చెప్పాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, మాత్ర ఇచ్చామా, నిద్ర ఎంత, ఆ పనులకు పోయిన గంటలు ఎన్ని అని రోజూ ఒక్క వరుస రాయండి. రోజూ పక్కనే ఉండే తల్లికి కనిపించని తేడా ఆ పుస్తకంలో డాక్టరుగారికి కనిపిస్తుంది. నాలుగు గంటలు రెండు గంటలైతే అది గెలుపే. ఎత్తు, బరువు మేము ప్రతిసారీ కొలుస్తాము.

సంబంధాల భయం గురించి ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. కేసు కష్టంగా ఉంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలున్నాయి.

ఎన్నాళ్ళు వాడాలంటే, బిడ్డ బాగైన రోజునుంచి లెక్కపెట్టి కనీసం 6 నెలలు, సాధారణంగా ఏడాది. తర్వాత డాక్టరుగారే నెలల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి, పాత భయాలు కూడా తిరిగి రావచ్చు. పరీక్షల ముందు, బడి మారేటప్పుడు, ఇంట్లో చావో పెళ్ళో ఉన్నప్పుడు తగ్గించడం మొదలుపెట్టరు. పదో తరగతి పిల్లలకు పరీక్షలు ముగిసి వేసవి సెలవులు వచ్చాక ఆ సంగతి మాట్లాడదామని డాక్టరుగారు అంటే, ఆ నెలలకు కూడా మాత్రలు సరిపడా ఉన్నాయో లేదో చూసుకొని, నోటు పుస్తకం వెంట తీసుకొని రండి.